ఊరుకోబెట్టడం

మూడో రోజు పొద్దున్నే నర్సు వచ్చింది. చేతిలో ఒక దళసరి కాగితం కార్డు, దాని మీద అయిదు చిన్న వృత్తాలు. ఒక్కో వృత్తమూ పాప మడమలోంచి తీసిన నెత్తుటి చుక్కతో నిండాలట. "మీరు బయట ఉండండి సార్, నాన్నలు చూడలేరు," అంది. మా ఆవిడ కుట్ల నొప్పితో లేవలేకుండా ఉంది. పాపను పక్క గదిలోకి తీసుకెళ్ళారు. తలుపు అవతల గుక్కపట్టిన ఏడుపు. మధ్యలో కాసేపు ఆగి మళ్ళీ మొదలు. ఆరేడు నిమిషాల తర్వాత మడమకి దూది అంటించి తెచ్చి ఇచ్చారు. నేనేదో అడగబోతే, "పసిగుడ్లు, వాళ్ళకేం తెలుస్తుంది సార్? చూడండి, అప్పుడే ఊరుకుంది," అంది నర్సు.

ఆవిడ మీద ఫిర్యాదు చెయ్యడానికి ఇది రాయడం లేదు. ఆవిడ పని ఆవిడ శుభ్రంగానే చేసింది. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. దాని వెనక ఏముందో వెతుక్కుంటూ పోతే తెలిసింది: అది ఆవిడ సొంత మాట కాదు. ఇంకా నలభై ఏళ్ళు కూడా కాలేదు, ప్రపంచంలో పేరున్న ఆస్పత్రుల్లో పెద్ద పెద్ద డాక్టర్లే ఆ మాట నమ్మారు. నమ్మి ఊరుకోలేదు, దాని ప్రకారం ఆపరేషన్లు కూడా చేశారు.

ముందు ఆ సూది సంగతి. పుట్టిన పిల్లలందరి మడమలూ గుచ్చాలనే ఆలోచన రాబర్ట్ గత్రీది. అమెరికాలో బఫెలో నగరంలో పనిచేసిన శాస్త్రవేత్త. ఆయన కొడుకు మానసిక వికాస లోపంతో పుట్టాడు. ఆయన భార్య సోదరి కూతురికి ఫినైల్‌కీటోన్యూరియా అనే జబ్బు. తిండిలో ఉండే ఒక అమైనో ఆమ్లాన్ని శరీరం అరిగించుకోలేక, అది పేరుకుపోయి మెదడును పాడుచేస్తుంది. మొదటి వారాల్లోనే కనిపెడితే తిండి మార్పుతోనే బిడ్డను కాపాడుకోవచ్చు, ఆలస్యమైతే చేసేదేమీ లేదు. గత్రీ కనిపెట్టినది చాలా చవకైన ఉపాయం. వడపోత కాగితం మీద ఎండిన నెత్తుటి చుక్క, ఒక పళ్ళెంలో బాక్టీరియా. నెత్తురులో ఆ ఆమ్లం ఎక్కువుంటే చుక్క చుట్టూ బాక్టీరియా పెరుగుతుంది. కాగితం కాబట్టి పోస్టులో పంపచ్చు. 1960ల మొదట్లో మసాచుసెట్స్‌లో మొదలై కొన్నేళ్ళలోనే ఇది దేశదేశాలకీ పాకింది. మన హైదరాబాదులోనూ నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రుల్లో పుట్టిన 18,300 మంది పిల్లల నెత్తురు పరీక్షించి, ఆ ఫలితాలు 2004లో అచ్చువేశారు. ఇప్పుడైతే ఆ ఒక్క కార్డుతో థైరాయిడ్ దగ్గర్నుంచి పదుల కొద్దీ జబ్బులు వెతుకుతున్నారు.

కాబట్టి సూది వద్దనడానికి లేదు. ఆ అయిదు చుక్కలు ఎందరో పిల్లల బతుకు మార్చాయి. నా ప్రశ్న అది కాదు. ఇంత మంచి పరీక్షను ఇన్ని దేశాల్లో, ఇన్ని లక్షలమంది మీద చేస్తున్నప్పుడు, "నొప్పి పుడుతుందేమో, ఏం చేద్దాం?" అని దశాబ్దాలపాటు ఎవరూ గట్టిగా ఎందుకు అడగలేదు?

అడగకపోవడానికి కారణం, జవాబు తెలుసనుకోవడం. మిర్టిల్ మెక్‌గ్రా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1941లో ఒక పరిశోధన అచ్చువేసింది. పుట్టిన కొద్ది గంటల పిల్లల దగ్గర్నుంచి నాలుగేళ్ళవాళ్ళ దాకా, 75 మంది పిల్లలను మొద్దుబారిన పిన్నీసుతో పొడిచి వాళ్ళ స్పందన రాసుకుంది. అప్పుడే పుట్టినవాళ్ళలో కొందరు పెద్దగా కదల్లేదు. కొద్ది రోజులు పోయాక కదలడం మొదలెట్టారు గానీ, ఎక్కడ పొడిచారో అక్కడికి చెయ్యి పోనివ్వడం లాంటి "తెలివైన" స్పందన చాలా తర్వాతే వచ్చింది. అంటే మెదడు పైపొర ఇంకా పని మొదలుపెట్టలేదు, ఆ ఏడుపు వట్టి రిఫ్లెక్స్ అని లెక్క. ఆ కాలంలో అమెరికన్ ఆస్పత్రుల్లో కాన్పప్పుడు తల్లులకి మత్తు ఇవ్వడం మామూలు. ఆ మత్తు బిడ్డకీ చేరుతుంది. కదలని పిల్లల్లో ఎందరు మత్తులో ఉన్నారో ఎవరికి తెలుసు?

దీనికి తోడు ఇంకో వాదం ఉండేది. నరాల చుట్టూ ఉండే మైలిన్ అనే కొవ్వు తొడుగు పసిపిల్లల్లో పూర్తిగా ఏర్పడి ఉండదు. తొడుగు లేని తీగలో సంకేతం పోదు కదా అని. వినడానికి సైన్సులాగే ఉంటుంది. కానీ పెద్దవాళ్ళలో కూడా నొప్పిని మోసే నరాల్లో చాలా వాటికి ఆ తొడుగు ఉండనే ఉండదు. సలుపునీ మంటనీ మోసేవి అవే. తొడుగు లేకపోతే సంకేతం నెమ్మదిగా పోతుంది, అంతే. పసిపిల్లల నరాలు పొట్టివి కాబట్టి ఆ తేడా కూడా పెద్దది కాదు.

అయితే డాక్టర్లందరూ కఠినాత్ములని కాదు. వాళ్ళ భయం నిజమైనది. మత్తుమందు మోతాదు కాస్త తప్పితే పసిపాప రక్తపోటు పడిపోతుంది, ప్రాణం పోవచ్చు. లివర్‌పూల్‌లో జాక్సన్ రీస్ అనే డాక్టరు 1950 ప్రాంతంలో దీనికొక దారి చూపించాడు. కొద్దిగా నైట్రస్ ఆక్సైడ్, దాంతోపాటు కండరాలు కదలకుండా చేసే మందు. పసిపిల్లలకి ఆపరేషన్లు సాధ్యమయ్యాయి, ఎందరో బతికారు. కానీ కండరాలు కదలకుండా చేసే మందు నొప్పిని ఆపదు. బిడ్డ కదలడు, ఏడవడు, మొహం కూడా ముడుచుకోదు. నెమ్మదిగా కొన్నిచోట్ల ఆ కాస్త నైట్రస్ ఆక్సైడ్ కూడా మానేసి, వట్టి కదలకుండా చేసే మందుతోనే కానిచ్చేయడం మొదలైంది.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్. మా దగ్గర ఇలాంటి తప్పు వారానికొకటి దొరుకుతుంది. రాత్రంతా ఒక్క ఎర్రర్ కూడా రాలేదని సంబరపడి, తెల్లారాక చూస్తే ఎర్రర్లు రాసే ఫైలే ఎవరో ఆపేసి ఉంటారు.

1985 ఫిబ్రవరిలో వాషింగ్టన్‌లో జెఫ్రీ లాసన్ అనే బిడ్డ నెలలు నిండకుండా పుట్టాడు. గుండె దగ్గర రెండు పెద్ద నాళాలను కలిపే చిన్న దారి ఒకటి పుట్టాక మూసుకోవాలి. అతనికి మూసుకోలేదు. ఛాతీ తెరిచి ఆపరేషన్ చేశారు. గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా అతనికి ఇచ్చింది పాన్‌క్యురోనియం, అంటే కదలకుండా చేసే మందు. నొప్పికి ఏమీ లేదు. అయిదు వారాల తర్వాత జెఫ్రీ చనిపోయాడు. ఈ సంగతి అతని తల్లి జిల్ లాసన్‌కి బిడ్డ పోయాక, రికార్డులు తెప్పించుకుని చదివితేనే తెలిసింది. మత్తు డాక్టరును అడిగితే, ఇంత చిన్న పిల్లలకి నొప్పి తెలుస్తుందని తనకెవరూ రుజువు చూపలేదు అన్న అర్థంలో సమాధానం వచ్చింది.

ఆ తల్లి ఊరుకోలేదు. ఆస్పత్రికీ, డాక్టర్ల సంఘాలకీ, పత్రికలకీ ఉత్తరాలు రాసింది. చాలామంది పట్టించుకోలేదు. 1986 ఆగస్టులో వాషింగ్టన్ పోస్ట్ ఆ కథ వేసింది. దేశమంతా ఉలిక్కిపడింది. ఉలిక్కిపడినవాళ్ళలో, ఇది ఎక్కడా కొత్త సంగతి కాదని తెలిసిన డాక్టర్లు చాలామందే ఉండి ఉంటారు.

సరిగ్గా అదే కాలంలో అట్లాంటిక్ అవతల ఇంకొకాయన ఇదే ప్రశ్నను ఇంకోవైపునుంచి తవ్వుతున్నాడు. కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్. ఇండోర్‌లో ఎంబీబీఎస్ చదివి, రోడ్స్ స్కాలర్‌గా ఆక్స్‌ఫర్డ్ వెళ్ళాడు. నెలలు నిండని పిల్లల వార్డులో పనిచేస్తుండగా ఆయన గమనించింది ఇది: ఆపరేషన్‌కి వెళ్ళేటప్పుడు ఓ మోస్తరుగా ఉన్న బిడ్డలు తిరిగొచ్చేసరికి పాలిపోయి, ఊపిరీ గుండే గాడి తప్పి ఉంటున్నారు. మొహం చూసి నొప్పి చెప్పలేం, మొహాన్ని మందు కట్టేసింది. అందుకని ఆయన నెత్తురు చూశాడు. సగంమంది పిల్లలకి మామూలు పద్ధతి, సగంమందికి దానితోపాటు ఫెంటానిల్ అనే నొప్పి మందు ఇచ్చి, నెత్తురులో అడ్రినలిన్ లాంటి హార్మోన్లు కొలిచారు. ఫెంటానిల్ ఇవ్వని పిల్లల శరీరాలు లోపల అల్లకల్లోలమయ్యాయి. ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు కూడా వాళ్ళకే ఎక్కువ. 1987 జనవరిలో లాన్సెట్‌లో వచ్చిన ఆ పరిశోధనలో ఉన్నది పదహారుమంది పిల్లలే. ఆ ఏడాది చివర్లో హికీతో కలిసి ఆయన రాసిన పెద్ద సమీక్ష న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చింది. ఈ రెంటి మధ్య, సెప్టెంబరులో, అమెరికన్ పిల్లల డాక్టర్ల అకాడమీ పసిపిల్లలకి కూడా మత్తు ఇచ్చే ఆపరేషన్ చెయ్యాలని ప్రకటించింది.

ఒక ఉత్తరాలు రాసే తల్లి, ఒక నెత్తురు కొలిచే డాక్టరు. ఎవరివల్ల మారింది అని అడిగితే సైన్సు చరిత్రకారులు రెండో పేరే ముందు చెప్తారు. నాకు మాత్రం ఆ ఉత్తరాలు లేకపోతే ఆ పదహారుమంది పిల్లల లెక్కలు ఇంకో పదేళ్ళు లైబ్రరీలోనే ఉండేవనిపిస్తుంది.

ఆపరేషన్ల సంగతి తేలింది. సూది మిగిలింది. మడమ గుచ్చడానికి ఫెంటానిల్ ఇవ్వలేం కదా. కానీ గుచ్చుళ్ళు చిన్నవైనా లెక్క చిన్నది కాదు. పారిస్ ప్రాంతపు ఇంటెన్సివ్ కేర్ వార్డుల్లో 430 మంది పసిపిల్లలను మొదటి పద్నాలుగు రోజులూ గమనించి రికార్డో కార్బహాల్ బృందం 2008లో లెక్క తేల్చింది. నొప్పి పుట్టించే పనులు మొత్తం 42,413. ఒక్కో బిడ్డకి రోజుకి సుమారు పది. వాటిలో నూటికి 79కి ప్రత్యేకించి నొప్పి తగ్గించే ఏర్పాటేదీ లేదు. లండన్‌లో మరియా ఫిట్జెరాల్డ్ అంతకు ముందే, 1989లో, పదేపదే గుచ్చిన మడమ మామూలు మడమకంటే తేలిగ్గా ఉలిక్కిపడుతుందని చూపించింది. "అప్పుడే మర్చిపోతారు" అన్నమాట మడమ విషయంలో కూడా నిజం కాదు.

మందు లేకుండా ఏం చెయ్యొచ్చు అనే ప్రశ్న ఇక్కడే మొదలైంది. మొదటి జవాబు పంచదార. ఎలియట్ బ్లాస్ అనే అమెరికన్ పరిశోధకుడు ఎలుక పిల్లల నోట్లో పంచదార నీళ్ళు పోస్తే వేడిని ఎక్కువసేపు ఓర్చుకుంటున్నాయని చూశాడు. మార్ఫిన్ లాంటి మందుల పని ఆపే మందు ముందుగా ఇస్తే పంచదార ప్రభావం పోయింది. అంటే తీపి తగలగానే ఒంట్లోనే మార్ఫిన్ లాంటిదేదో పుడుతోందన్నమాట. (మనుషుల పిల్లల్లో అది ఇంత సూటిగా రుజువు కాలేదు.) 1991లో పసిపిల్లల మీద చూశారు. గుచ్చే ముందు 12 శాతం పంచదార నీళ్ళు 2 మిల్లీలీటర్లు తాగినవాళ్ళు మిగతావాళ్ళకంటే సగం తక్కువ ఏడ్చారు. ఆ తర్వాత వచ్చిన పరిశోధనలు ఇన్నీ అన్నీ కావు. 2016 నాటి ఒక సమీక్షలో 74 అధ్యయనాలు, 7,049 మంది పిల్లలు.

ఇది చదివి ఇంట్లో చెప్తే మా అత్తయ్య నవ్వింది. "చెవులు కుట్టేటప్పుడు నోట్లో బెల్లంముక్క ఎందుకు పెడతామనుకున్నావు బాబూ?" అంది. నిజమే. కానీ "మనవాళ్ళకి అన్నీ ముందే తెలుసు" అనే పాట ఎత్తుకోవడం నాకిష్టం లేదు. ఆ బెల్లం పెట్టిన చేతులే కొన్ని ఊళ్ళలో పసిపిల్లల పొట్టమీద వాతలూ పెట్టాయి. పుట్టగానే నాకించే తేనె ఏడాదిలోపు పిల్లలకి ప్రమాదమని ఇప్పుడు డాక్టర్లు మొత్తుకుంటున్నారు. తెలియడమూ తెలియకపోవడమూ ఒకే ఇంట్లో ఉండేవి, ఆస్పత్రిలో ఉన్నట్టే.

రెండో జవాబు తల్లి. కొలంబియా రాజధాని బొగోటాలో 1978-79 నాటికి ఎడ్గర్ రే, హెక్టర్ మార్తినెస్ అనే డాక్టర్లు ఇంక్యుబేటర్లు చాలక, బరువు తక్కువ పిల్లలను తల్లుల గుండెలకి చర్మం తగిలేలా కట్టి ఉంచడం మొదలెట్టారు. కంగారూ పద్ధతి అని పేరొచ్చింది. నొప్పికి అది పనికొస్తుందా అని 2000లో గ్రే, వాట్, బ్లాస్ చూశారు. తొట్టిలో పడుకోబెట్టి గుచ్చిన పిల్లలతో పోలిస్తే, తల్లి గుండెమీద ఉన్న పిల్లల ఏడుపు 82 శాతం తగ్గింది, మొహం ముడుచుకోవడం 65 శాతం. రెండేళ్ళ తర్వాత పాలు తాగుతున్న పిల్లల మీద చూస్తే ఏడుపు 91 శాతం తగ్గింది. 2003లో ఫ్రాన్సులో కార్బహాల్ 180 మంది పిల్లల మీద చేసిన పరిశోధన ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పాలు తాగినవాళ్ళకి నొప్పి మార్కులు పదికి ఒకటి. గ్లూకోజ్, పాలపీక ఇచ్చినవాళ్ళకి మూడు. తల్లి ఊరికే చేతుల్లో ఎత్తుకున్నవాళ్ళకి పది. వట్టి నీళ్ళు ఇచ్చినవాళ్ళకీ పదే. ఎత్తుకోవడం ఒక్కటే సరిపోలేదు. చర్మమో, పాలో, చప్పరించడమో ఉండాలి.

ఈ అంకెలు చూసి నాకు ఆశ్చర్యం వెయ్యలేదు, కోపం వచ్చింది. ఈ పరిశోధనల్లో "కొత్త పద్ధతి" తల్లి. పాత పద్ధతి, అంటే దేనితో పోల్చి చూశారో అది, తల్లి లేని తొట్టి. మనం మొదట బిడ్డను తల్లి దగ్గర్నుంచి తీసి పక్కగదిలో పెట్టి, ఆ తర్వాత తల్లి పనిచేస్తుందా లేదా అని అంకెలతో రుజువు చేసుకున్నాం.

కథ ఇక్కడ ఆపేస్తే బాగానే ఉండేది. 2010లో లండన్‌నుంచి రెబెకా స్లేటర్ బృందం లాన్సెట్‌లో ఒక పరిశోధన అచ్చువేసింది. 59 మంది పిల్లలు. కొందరికి పంచదార నీళ్ళు, కొందరికి మామూలు నీళ్ళు. తేడా ఏమిటంటే ఈసారి మొహంతోపాటు తలకి తీగలు తగిలించి మెదడు సంకేతాలు కూడా కొలిచారు. పంచదార తాగినవాళ్ళ మొహాలు ఎప్పటిలాగే ప్రశాంతంగా ఉన్నాయి. మెదడులో నొప్పి సంకేతం మాత్రం రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకటే.

పెద్ద గొడవయింది. గుచ్చిన తక్షణం వచ్చే ఒక్క సంకేతమే నొప్పి అంతా కాదు, అది బాధగా మారే దారిలో పంచదార ఎక్కడో అడ్డుపడి ఉండొచ్చు అన్నారు కొందరు. న్యాయమైన మాటే. ఇప్పటికీ చాలా వార్డుల్లో పంచదార వాడుతున్నారు, వాడొద్దని నేననడం లేదు. కానీ ఆ ఫలితం చదివినప్పుడు నాకు జెఫ్రీ గుర్తొచ్చాడు. పంచదార పాన్‌క్యురోనియం కాదు, పోలిక అన్యాయం, నాకు తెలుసు. అయినా రెండుచోట్లా మనం చూస్తున్నది ఒకటే: మొహం. 1987లోనే గ్రునావ్, క్రెయిగ్ పసిమొహాన్ని చదవడానికి ఒక పద్ధతి తయారుచేశారు. కనుబొమల మధ్య ఉబ్బు, గట్టిగా మూసిన కళ్ళు, ముక్కు పక్కన లోతైన గీత, సాగిన నోరు, బిగిసిన నాలుక. మంచి పద్ధతి, దానివల్లే నర్సులు నొప్పిని చూడడం నేర్చుకున్నారు. అయితే అది కొలిచేది, బిడ్డ మనకి చెప్పగలిగినంత మేరకే.

తెలుగులో దీనికి భలే మాట ఉంది. ఊరుకోబెట్టడం. ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని ఊరుకోబెడతాం. ఊరుకోవడం అంటే ఏడుపు మానడం. మాట్లాడకుండా ఉండటం కూడా. ఎవరో అన్యాయం చేస్తే కిమ్మనకుండా పడి ఉండటం కూడా. బాధ పోయిందనే అర్థం ఆ మాటలో ఎక్కడా లేదు. నర్సు "ఊరుకుంది" అన్నప్పుడు అక్షరాలా నిజమే చెప్పింది.

స్లేటర్ తర్వాత ఆక్స్‌ఫర్డ్ వెళ్ళింది. 2015లో ఆమె బృందం పసిపిల్లలను ఎమ్మారై యంత్రంలో పడుకోబెట్టి పాదాన్ని చిన్నగా పొడిచి చూసింది. పెద్దవాళ్ళలో నొప్పికి మేలుకునే 20 మెదడు భాగాల్లో 18 పిల్లల్లోనూ మేలుకున్నాయి. 2018లో అదే బృందం గుచ్చే ముందు పిల్లల కాళ్ళను మెత్తని బ్రష్షుతో సెకనుకి మూడు సెంటీమీటర్ల వేగంతో నిమిరింది. మెదడులో నొప్పి సంకేతం సుమారు 40 శాతం తగ్గింది. అంతకంటే వేగంగా నిమిరితే తగ్గలేదు. చర్మంలో ఆ మెల్లని స్పర్శకే పలికే నరాలున్నాయట. ఆ వేగం, తల్లులు ఎవరూ చెప్పకుండానే బిడ్డను నిమిరే వేగం. అలాగే లండన్‌లో చేసిన ఇంకో అధ్యయనంలో, తల్లి చర్మానికి ఆనుకుని ఉన్న బిడ్డల మెదడు స్పందన బట్టలమీదుగా ఎత్తుకున్న బిడ్డలకంటే తగ్గింది. మొహమే కాదు, ఈసారి లోపల కూడా.

పాపకి వారం దాటాక ఫోనొచ్చింది. థైరాయిడ్ అంకె సరిహద్దులో ఉంది, ఇంకోసారి నెత్తురు తియ్యాలన్నారు. ఈసారి మా ఆవిడ, "పాలిస్తుండగా తియ్యండి," అంది. ల్యాబ్ కుర్రాడు తటపటాయించాడు. "మడమ అందదు మేడమ్." అత్తయ్య దిండు సర్ది పాప కాలు ఇటు తిప్పింది. అతను నేలమీద మోకాళ్ళు వేసి కూర్చున్నాడు. నేను పాప పిక్కమీద వేలితో నిమురుతూ లోపల్లోపల సెంటీమీటర్లు లెక్కపెట్టుకున్నాను. నవ్వుకోండి. పాలు పట్టి రెండు మూడు నిమిషాలయ్యాక అతను గుచ్చాడు. పాప చప్పరించడం ఆపింది. కనుబొమల మధ్య ఉబ్బింది, అచ్చం ఆ పద్ధతిలో రాసినట్టే. కుయ్యిమని ఒక్క అరుపు. మళ్ళీ చప్పరించడం మొదలెట్టింది. మడమ పిండుతున్నప్పుడు ఇంకోసారి కాలు లాక్కోబోయింది.

అయిదు వృత్తాలూ నిండాయి. అతను కార్డును ఆరడానికి బల్ల అంచున పెట్టి, గొంతు తగ్గించి, "నిద్రపోయిందా మేడమ్?" అని అడిగాడు.

"లేదు, తాగుతోంది," అంది మా ఆవిడ.